కర్నూలులో ఆగిపోయిన ఇల్లు: టేపు పట్టి తేల్చిన ఒక తగాదా

2025 మార్చి మొదటి వారంలో భార్యాభర్తలిద్దరు నా ఆఫీసుకి వచ్చారు. ఆయన టేబుల్ మీద రెండు కాగితాలు పెట్టారు. ఒకటి వంద రూపాయల స్టాంపు పేపరు మీద రాసుకున్న ఒక పేజీ అగ్రిమెంటు. రెండోది పోలీస్ స్టేషన్‌లో ఇద్దామని రాయించుకొచ్చిన ఫిర్యాదు.

"సార్, ఇల్లు కట్టిస్తానని మేస్త్రీ పదహారు లక్షలు తీసుకున్నాడు. ఇల్లు సగంలో వదిలేసి పోయినాడు. ఐదు లక్షలు వాపసు ఇప్పియ్యండి. లేదంటే ఈ కాగితం స్టేషన్‌లో ఇస్తా" అన్నారు. ఆమె ఏమీ మాట్లాడలేదు. ఒడిలో ఒక నోట్‌బుక్ పెట్టుకుని కూర్చున్నారు. ఆ నోట్‌బుక్ విలువ నాకు తర్వాత తెలిసింది.

నేను సివిల్ ఇంజనీర్‌ని. ప్లాన్లు, వాల్యుయేషన్లతో పాటు పదేళ్లుగా ఇంటివాళ్లకీ కాంట్రాక్టర్లకీ మధ్య ఇలాంటి తగాదాల్లో మధ్యవర్తిగా కూర్చుంటున్నాను. ఈ కేసు ఇంటివాళ్లు, కాంట్రాక్టరు రెండు వైపులా ఒప్పుకున్నాకే రాస్తున్నాను. మనుషుల్ని గుర్తుపట్టే వివరాలు మార్చాను.

స్థలం కల్లూరు వైపు, మూడున్నర సెంట్లు. గ్రౌండ్ ఫ్లోర్ 1,100 చదరపు అడుగులు. మెటీరియల్‌తో సహా అడుగుకు 1,700 రూపాయలు, అంటే మొత్తం 18,70,000. పని 2024 ఫిబ్రవరిలో మొదలై పది నెలల్లో పూర్తి కావాలి. ఇంటాయన ఆర్టీసీలో డ్రైవరు, బ్యాంకు లోను మీద కడుతున్నారు. కాంట్రాక్టరు బేల్దారి పని నుంచి మెల్లగా ఎదిగిన మేస్త్రీ. అప్పటికి ఆయన చేతిలో మూడు సైట్లు ఉన్నాయి.

అగ్రిమెంటులో కిస్తీలు ఇలా రాసుకున్నారు. అడ్వాన్సు 2,00,000. బేస్‌మట్టానికి 4,00,000. లింటెల్‌కి (తలుపులు, కిటికీల పై దూలం మట్టానికి) 3,50,000. స్లాబ్‌కి 5,00,000. ప్లాస్టరింగ్‌కి 2,50,000. చివర తాళం చేతికిచ్చేటప్పుడు 1,70,000. స్లాబ్ దాకా కిస్తీలన్నీ అందాయి. ప్లాస్టరింగ్ కిస్తీలో 1,50,000 ముందే తీసుకున్నారు. మొత్తం 16,00,000. సంక్రాంతి ముందు పని ఆగింది. మేస్త్రీ ఫోన్ మొదట ఎత్తారు, తర్వాత ఎత్తలేదు.

పని ఆగడానికి మేస్త్రీ చెప్పిన కారణం కూలీలు లేరని. అది అబద్ధం కాదు. ఆయన మనుషులు ఆదోని, కోసిగి వైపు వాళ్లు. ఆ నెలల్లో అక్కడి నుంచి కుటుంబాలకు కుటుంబాలే గుంటూరు మిరప కోతలకు వలస పోతాయి. కర్నూలులో ఇల్లు కట్టుకునే ప్రతివాళ్లూ క్యాలెండర్‌లో ఈ సంగతి గుర్తు పెట్టుకోవాలి. కానీ తలుపులు చేసే వడ్రంగి మిరప కోతలకు పోడు కదా. బండలు పరిచే మేస్త్రీ ఊళ్లోనే ఉన్నాడు కదా. వాళ్లెందుకు రాలేదు? అసలు కారణం అక్కడ దొరుకుతుందని అప్పుడే అనిపించింది.

ముందుగా రెండు పనులు ఆపించాను. ఒకటి, ఆ ఫిర్యాదు. పని మధ్యలో ఆపడం ఒప్పందం తప్పడం అవుతుంది. మొదటి రోజు నుంచే మోసం చేసే ఉద్దేశం ఉందని చూపించగలిగితేనే అది చీటింగ్ కేసు అవుతుంది. కళ్లముందు స్లాబ్ వేసిన ఇల్లు నిలబడి ఉంటే అది చూపించడం చాలా కష్టం. పైగా కేసు అనగానే మేస్త్రీ పూర్తిగా దొరక్కుండా పోతారు. రెండోది, సోమవారం నుంచి ఇంకో మేస్త్రీని దింపాలన్న ఆలోచన. పాత పని మీద కొత్త పని పడిందంటే ఎవరు ఎంత చేశారో ఇక ఏ ఇంజనీరూ తేల్చలేడు. ఎంత తొందర ఉన్నా కొలతలు, ఫొటోలు అయ్యే దాకా ఒక్క ఇటుక కూడా కదపొద్దని గట్టిగా చెప్పాను.

చట్టం దారి కూడా వాళ్లకు చెప్పాను, ఎందుకంటే అది తెలిస్తేనే మనిషి ధైర్యంగా మాట్లాడతాడు. రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ చట్టం) ఈ కేసుకి పనికిరాదు. అది ఫ్లాట్లు, ప్లాట్లు అమ్మే ప్రమోటర్ల కోసం. సొంత స్థలంలో మేస్త్రీతో ఇల్లు కట్టించుకునేవాళ్లకు కాదు. పనికొచ్చేది వినియోగదారుల చట్టం. ఇల్లు కట్టివ్వడం కూడా 'సేవ' కిందికే వస్తుందని లక్నో డెవలప్‌మెంట్ అథారిటీ కేసులో సుప్రీంకోర్టు స్పష్టం చేసి ముప్పై ఏళ్లు దాటింది. చెల్లించిన మొత్తం 50 లక్షల లోపు అయితే జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే వేయొచ్చు. 10 నుంచి 20 లక్షల మధ్య చెల్లించినవాళ్లకు ఫీజు 400 రూపాయలు. గడువు రెండేళ్లు. మేస్త్రీకి మాత్రం ఆ దారి లేదు. తనకు బాకీ ఉందంటే సివిల్ కోర్టుకి పోవాలి, మూడేళ్లలోపు. ఈ తేడా తెలియక చాలామంది మేస్త్రీలు "నేనూ కన్స్యూమర్ కోర్టులో వేస్తా" అంటుంటారు.

మేస్త్రీకి నేనే ఫోన్ చేశాను. "మీ మీద ఎవరూ కేసు పెట్టలేదు. మీరు చేసిన పని కొలుస్తున్నాను. మీరు లేకుండా కొలిస్తే మీకే నష్టం" అన్నాను. కాసేపు మాట రాలేదు. తర్వాత, "వస్తా సార్. నాకే నాలుగు లక్షల ఇరవై వేలు రావాల. ఆ లెక్క కూడా కొలవాల మీరు" అన్నారు.

ఇంటాయనకి ఐదు లక్షలు రావాలి, మేస్త్రీకి నాలుగు లక్షల ఇరవై వేలు రావాలి. ఇద్దరూ తమ మాట నిజమని నమ్మే చెబుతున్నారు.

కొలతల ఆదివారం

టేపు ఒక చివర ఇంటాయన చేతికిచ్చాను, రెండో చివర మేస్త్రీకి. నేను రాసుకున్నాను. ప్రతి గదికీ అంకె పైకి చదివి, ఇద్దరూ సరే అన్నాకే తర్వాతి గదికి. మొదటి గంట ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. వంటగది కొలిచేటప్పుడు టేపు మధ్యలో వాలిపోతే, "అన్నా, కొంచెం పైకి పట్టు" అన్నారు మేస్త్రీ. ఇంటాయన పట్టారు. మూడు నెలల్లో వాళ్లిద్దరి మధ్య నడిచిన మొదటి మాట అదే.

గోడల ప్లాస్టరింగ్ కొలిచేటప్పుడు ఒక గొడవ వచ్చింది. మేస్త్రీ కిటికీలు, తలుపులు ఏవీ తీసేయకుండా గోడంతా లెక్క కడతారు. ఇంటాయన రెండు వైపులా తీసేయమంటారు. కట్టడం పనులు ఎలా కొలవాలో చెప్పే భారతీయ ప్రమాణం ఐఎస్ 1200లో దీనికి ఎప్పటి నుంచో లెక్క ఉంది. అర చదరపు మీటరు లోపు ఖాళీకి మినహాయింపు లేదు. అర నుంచి మూడు చదరపు మీటర్ల దాకా ఒక్క వైపే తీసేయాలి, ఎందుకంటే అంచుల లోపలి పూత పని దాంతో సరిపోతుంది. మామూలు తలుపు, కిటికీ అన్నీ ఈ మధ్య కొలతలోకే వస్తాయి. సెల్‌ఫోన్‌లో ఆ పేజీ చూపించాను. ఇద్దరూ ఒప్పుకున్నారు. నియమం తమలో ఎవరో పెట్టింది కాదని తెలిస్తే మనుషులు తొందరగా ఒప్పుకుంటారు.

తర్వాత ప్లాస్టరింగ్ నాణ్యత. సుత్తి పిడితో గోడ మీద మెల్లగా తట్టుకుంటూ పోయాను. గట్టి పూత ఒక రకంగా మోగుతుంది, డొల్ల పూత ఇంకో రకంగా. డొల్ల మోగిన చోటల్లా సుద్దముక్కతో గీత గీయించాను, అదీ మేస్త్రీ చేతే. పడమటి గదిలో గీతలు ఎక్కువయ్యాయి. ఇంటాయన "చూడండి సార్" అన్నారు. మేస్త్రీ "క్యూరింగ్ నీళ్లు వీళ్లు సరిగా పట్టలేదు సార్" అన్నారు. అగ్రిమెంటులో నీళ్లు ఎవరు పట్టాలో లేదు.

ఇక్కడ రెండు లోపాలున్నాయి, రెండింటి పుట్టుకా వేరు. పూత ఇటుకను పట్టుకోకుండా డొల్ల రావడానికి కారణం పూతకు ముందు ఇటుకల్ని తడపకపోవడం. ఎండిన ఇటుక మాల్‌లోని (సిమెంటు, ఇసుక కలిపిన ముద్దలోని) నీళ్లు పీల్చేస్తుంది, పట్టు దొరకదు. అది పనిచేసేవాళ్ల తప్పు. పూత పైన వెంట్రుక సన్నం పగుళ్లు రావడానికి కారణం తర్వాత నీళ్లు పట్టకపోవడం. అది ఆ ఇంట్లో ఇంటివాళ్ల బాధ్యతగా నడిచింది. డొల్ల పూత పగలగొట్టి మళ్లీ చేయడం, సన్‌షేడ్ దగ్గర కారుతున్న చోటు బాగుచేయడం మేస్త్రీ లెక్కలో వేశాను, 45,000. వెంట్రుక పగుళ్లు రేపు రంగుల ముందు పెట్టే లప్పంలో పోతాయి, వాటికి ఎవరి మీదా డబ్బు వేయలేదు.

ఇంటాయనకి ఇంకో పెద్ద అనుమానం, స్లాబ్‌లో కమ్మి (ఇనుప కడ్డీలు) తగ్గించారని. మనిషికి రాత్రి నిద్ర పట్టనివ్వని అనుమానం అది. స్లాబ్ పగలగొట్టి చూడలేం. అప్పుడు ఆమె తన ఫోన్ ఇచ్చారు. కాంక్రీటు పోసే ముందు రోజు సాయంత్రం వాళ్ల చిన్నమ్మాయి స్లాబ్ మీదెక్కి తీసిన ఫొటోలు. హాలు వెడల్పు పది అడుగులు. డ్రాయింగ్‌లో ఆరు అంగుళాలకు ఒక కడ్డీ. ఫొటో పెద్దది చేసి ముగ్గురం కలిసి లెక్కపెట్టాం. ఇరవై ఒకటి ఉండాలి, ఇరవై ఒకటీ ఉన్నాయి. మేస్త్రీ కళ్లలో నీళ్లు తిరిగాయి. "కమ్మి విషయంలో నేను ఎప్పుడూ తప్పు చేయలేదన్నా" అన్నారు ఇంటాయనతో. ఆ ఫొటో లేకపోయుంటే ఈ కేసు తెగేది కాదని నా గట్టి నమ్మకం.

లెక్క

కిస్తీలు ఎంత ఇచ్చారన్నది పక్కన పెట్టి, జరిగిన పనికి ఒప్పందం రేటులో విలువ కట్టాను. పునాది, బేస్‌మట్టం 3,10,000. పిల్లర్లు, బీములు, మెట్లు, స్లాబ్ 4,90,000. గోడలు 2,60,000. లోపలి ప్లాస్టరింగ్, ముందు వైపు పూత 1,50,000. కరెంటు పైపులు, గుమ్మాలు, సంపు 90,000. మొత్తం 13,00,000. మిగిలిన పని 5,70,000.

పని ఎందుకు ఆగిందో ఇక్కడ తెలిసిపోయింది. ఒప్పందం మొత్తంలో 85 శాతానికి పైగా డబ్బు వచ్చేసింది, పని 70 శాతం కూడా కాలేదు. సంక్రాంతి నాటికి మేస్త్రీ ముందున్న లెక్క ఇది: 2,70,000 వస్తుంది, దానికోసం 5,70,000 పెట్టాలి. పని చేస్తే నష్టం, ఆపేస్తే నష్టం లేదు. ఇది ఆ మేస్త్రీ గుణం కాదు, ఆ కిస్తీల పట్టికే అలా రాసుకున్నారు. స్లాబ్ అయిపోతే ఇల్లు అయిపోయినట్టే అని ఇంటివాళ్లు అనుకుంటారు. బండలు, తలుపులు, కరెంటు, రంగులు, బాత్రూమ్ సామాను ఎంత డబ్బు తింటాయో స్లాబ్ రోజు ఎవరికీ గుర్తుండదు.

ఎక్స్‌ట్రా పనులకి మేస్త్రీ 3,20,000 అడిగారు. మిగిలిన లక్ష ప్లాస్టరింగ్ కిస్తీ. అలా వచ్చింది ఆయన 4,20,000. ఒక్కొక్కటీ చూశాం. వీధిలో సిమెంటు రోడ్డు ఎత్తు పెరుగుతుందని ఇంటాయన బేస్‌మట్టం అడుగున్నర లేపించారు. నల్లరేగడి నేల కాబట్టి లోపల గ్రావెల్ బాగా నింపాల్సి వచ్చింది. అది 96,000, న్యాయమే. సంపు 5,000 లీటర్ల నుంచి 10,000కి పెంచారు, 38,000. ముందు ఎలివేషన్ మార్పు 26,000. ఈ మూడూ కలిపి 1,60,000 ఒప్పుకున్నాం. మెట్ల పైన గదికి అడిగిన 70,000 తీసేశాను, అది మొదటి డ్రాయింగ్‌లోనే ఉంది. ఇసుక, కమ్మి రేట్లు పెరిగాయని అడిగిన 90,000 కూడా తీసేశాను. మెటీరియల్‌తో సహా రేటు ఒప్పుకున్నాక పెరిగినా తరిగినా మేస్త్రీదే. రేటు తగ్గుంటే ఇంటివాళ్లకు తిరిగి ఇచ్చేవారా అని అడిగితే ఆయన తల దించుకున్నారు.

ఫ్లోరింగ్ దగ్గర ఒక పూట పోయింది. అగ్రిమెంటులో "ఫ్లోరింగ్ చేయవలెను" అని మాత్రమే ఉంది. మేస్త్రీ బేతంచెర్ల బండలు అన్నారు, ఇంటివాళ్లు టైల్స్ అన్నారు. వాట్సాప్‌లో వెనక్కి వెతికితే, అగ్రిమెంటుకి నాలుగు రోజుల ముందు మేస్త్రీ పంపిన మెసేజ్ దొరికింది. "బండలైతే 1700, టైల్స్ అయితే 1780 పడుతుంది అన్నా." దాంతో సరిపోయింది. హాల్లో మాత్రం టైల్స్ వేయించుకుంటాం, తేడా మేమే పెట్టుకుంటాం అన్నారు ఆమె. 

ఇప్పుడు పద్దు. జరిగిన పని 13,00,000, ఎక్స్‌ట్రా 1,60,000, లోపాలకు తీసేసింది 45,000. మేస్త్రీకి న్యాయంగా రావాల్సింది 14,15,000. అందింది 16,00,000. ఆయన దగ్గర ఎక్కువ ఉన్నది 1,85,000. ఐదు లక్షలూ కాదు, ఎదురు నాలుగు లక్షల ఇరవై వేలూ కాదు.

నోట్‌బుక్ గురించి చెప్పాలి. ప్రతి చెల్లింపూ తేదీతో, ఎవరి ముందు ఇచ్చారో, మేస్త్రీ సంతకంతో సహా ఆమె రాసుకున్నారు. 15,000, 20,000 లాంటి చిల్లర మొత్తాలు కూడా. పదహారు లక్షల దగ్గర ఒక్క రూపాయి తగాదా రాకపోవడానికి ఆ నోట్‌బుక్కే కారణం. సగం కేసుల్లో నేను ముందు ఈ చెల్లింపుల లెక్క దగ్గరే వారాలు గడుపుతాను.

విడివిడిగా మాట్లాడినప్పుడు

మేస్త్రీతో ఒంటరిగా కూర్చున్నాను. డబ్బు ఎక్కడుందని అడిగాను. "ఈ ఇంటి డబ్బు నంద్యాల రోడ్డు సైటులో పడింది సార్. ఆడ ఓనరు స్లాబ్ బిల్లు ఇవ్వలేదు. సెంట్రింగ్ వాళ్లు, కంకర వాళ్లు ఇంటి మీదికొస్తే ఇది తీసి అది కట్టినా. మొహం చూపించలేక ఫోన్ ఎత్తలేదు" అన్నారు. 1,85,000 ఒకేసారి వాపసు ఇవ్వమంటే ఆయనకి అప్పు కూడా పుట్టదు. అది గోడకు చెప్పినట్టే.

ఇంకో మాట మెల్లగా బయటపెట్టారు. తలుపుల కోసం వడ్రంగికి 60,000 ముందే ఇచ్చారట. తలుపులు తయారై షెడ్డులో ఉన్నాయి. ఇంకో 15,000 కడితేగాని ఇవ్వనంటున్నాడు. సాయంత్రం వెళ్లి చూశాను. ఎనిమిది తలుపులు గోనెసంచులు కప్పి గోడకు వాల్చి ఉన్నాయి, సింహద్వారం మీద కలశం చెక్కి ఉంది. ఆ ఫొటో ఇంటివాళ్లకు చూపిస్తే ఆమె చాలాసేపు ఫోన్ తిరిగి ఇవ్వలేదు. ఆ 60,000 మినహాయిస్తే మేస్త్రీ వైపు లోటు 1,25,000.

ఇంటివాళ్లతో మాట్లాడింది ఇంకో రకం లెక్క. వేరే మేస్త్రీ చేత పూర్తి చేయిస్తే ఎంత? ఇద్దర్ని పిలిపించి అడిగించాను. ఒకరి సగం పని మీద చేయి పెట్టడానికి ఎవరూ ఇష్టపడరు, పెట్టినా రేటు ఎక్కువ చెబుతారు. తక్కువలో తక్కువ 6,60,000, పైన లోపాలకి 45,000. మొత్తం ఇల్లు 23,05,000 అవుతుంది. పాత మేస్త్రీ పూర్తి చేస్తే ఎక్స్‌ట్రాలతో కలిపి 20,30,000. తేడా 2,75,000. కమిషన్‌లో గెలిచి ఆ తేడా వసూలు చేయొచ్చు, కానీ ఇవ్వడానికి మేస్త్రీ దగ్గర ఏముంది? "వాడి మొహం మళ్లీ ఎట్ల చూడాల సార్" అన్నారు ఇంటాయన. ఆ బాధ నాకు అర్థమైంది. ఎనిమిది నెలల అద్దె, నెలకు 9,000, మొత్తం 72,000 కూడా ఆయన అడుగుతున్నారు. అందులో కొంత ఆలస్యం వాళ్లది కూడా. బ్యాంకు విడత ఆలస్యమై స్లాబ్ డబ్బు 23 రోజులు ఆగింది, సంపు మార్పుకి ఇంకొన్ని రోజులు. మూడు నెలల అద్దె దగ్గర తెగింది, 27,000. అది కూడా డబ్బుగా కాకుండా, ప్రహరీ గోడ లోపలి ప్లాస్టరింగ్ కూలీగా.

ఒప్పందం

డబ్బు ముందే మేస్త్రీ చేతికి పోకూడదు, పని ఆగకూడదు. ఈ రెండూ కుదిరేలా రాశాం. మిగిలిన పని 5,70,000కి లోపాల 45,000 కలిపి, వడ్రంగికి ముందే ఇచ్చిన 60,000 తీసేస్తే, పూర్తి చేయడానికి కావాల్సింది 5,55,000. అందులో సామాను 3,25,000, కూలి 2,30,000. సామాను డబ్బు ఇంటివాళ్లు నేరుగా షాపుల్లో, మిగతా 15,000 వడ్రంగికి కడతారు, అది కూడా ఈ 3,25,000లోదే. కూలి పది వారాలు, వారానికి సుమారు 23,000. ప్రతి శనివారం సాయంత్రం ఆ వారం పని కొలిచాక ఇంటివాళ్లు 7,500 ఇస్తారు, మిగతా కూలి మేస్త్రీ తన వైపు నుంచి పెడతారు. 20,30,000లో ఇచ్చిన 16,00,000 పోగా ఇంటివాళ్లు ఇవ్వాల్సిన 4,30,000లో చివరి 30,000 ఒక వానాకాలం చూశాకే. ఏ వారమైనా పని ఆగితే ఆ వారం 7,500 లేదు, వరుసగా రెండు వారాలు ఆగితే ఇంటివాళ్లు వేరేవాళ్లను పెట్టుకోవచ్చు, ఈ కొలతలే సాక్ష్యం.

మేస్త్రీ వారం వారం అంత ఎలా పెడతారని నాకే సందేహం. ఆయనే దారి చెప్పారు. "నేను, నా బావమరిది తాపీ పట్టుకుంటాం సార్. మా ఇద్దరి కూలి లెక్కలో పడుతుంది కదా." కాంట్రాక్టరుగా తిరగడం మొదలయ్యాక ఆయన తాపీ పట్టి ఆరేళ్లయిందట.

ఈ ఒప్పందాన్ని నా దగ్గర కాగితంగా వదలలేదు. జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో ప్రీ-లిటిగేషన్ (కోర్టులో దావా వేయకముందే తేల్చుకునే) కేసుగా ఇచ్చి లోక్ అదాలత్‌లో అవార్డు తీసుకున్నాం. దానికి కోర్టు ఫీజు లేదు. అవార్డు సివిల్ కోర్టు డిక్రీతో సమానం, దాని మీద అప్పీలు కూడా ఉండదు. తప్పితే నేరుగా అమలు కోసం పోవచ్చు. మేస్త్రీకీ అదే రక్షణ, శనివారం 7,500 ఆపితే ఆయనా పోవచ్చు.

పని ఏప్రిల్ చివర్లో మొదలైంది. అప్పటికి కూలీలు మిరప కోతల నుంచి తిరిగొచ్చారు. నాలుగో వారం ఆగింది. ట్యాంకర్ నీళ్లు రాలేదు, అది ఎవరి తప్పూ కాదని ఇద్దరూ నా దగ్గరకు రాకుండానే తేల్చుకున్నారు. పది వారాలు పదకొండయ్యాయి. శ్రావణంలో గృహప్రవేశం చేశారు. పిలిస్తే వెళ్లాను. మేస్త్రీకి కొత్త బట్టలు పెట్టారు.

సెప్టెంబరు వానకు వంటగది సన్‌షేడ్ దగ్గర అరచేయంత చెమ్మ కనిపించింది. ఆమె ఫోన్ చేశారు, ఈసారి మేస్త్రీ మొదటి రింగుకే ఎత్తారు. మర్నాడు వచ్చి, చీల్చి, మళ్లీ పూత వేసి, మూడు రోజులు తనే వచ్చి నీళ్లు పట్టారు. ఇంకో రెండు వానలు చూసి, దసరా ముందు వారం ఆ 30,000 ఆయన చేతికిచ్చారు. నోట్‌బుక్‌లో చివరి వరుస అది. తేదీ, మొత్తం, పక్కన మేస్త్రీ సంతకం, ఎవరి ముందు ఇచ్చారన్న చోట చిన్నమ్మాయి పేరు.